తల్లిగారింటి నంబరు

తార్నాక,
8 జూన్ 2025, ఆదివారం

పెద్దమ్మా, దండాలు.

అమ్మ ఉత్తరం రాయదు. ఫోన్ చేసి "తిన్నవా" అంటది, నేను "తిన్న" అనేలోపే పెట్టేస్తది. ఆరో తరగతిలో నన్ను హాస్టల్లో వేసినప్పటి నుంచి నాకు ఉత్తరాలు రాసే మనిషివి నువ్వొక్కదానివే. అందుకే ఈ కాగితాన్ని ఫోటో తీసి పంపకుండా కవర్లో పెట్టి పంపుతున్నా. చదవాలి. ఊరికే కాదు, పెన్సిల్ పట్టుకొని చదవాలి.

ఎమ్మెస్సీ అయ్యాక క్యాంపస్‌లోనే కమలాదేవి మేడం ప్రాజెక్టులో నాకు పని దొరికిందని చెప్పాను కదా. పని ఇదీ. పుట్టిన బిడ్డకు రెండో రోజో మూడో రోజో మడమ మీద చిన్న సూదితో గుచ్చి, నాలుగు చుక్కల రక్తం ఒక మందపాటి కార్డు మీద అద్దుతారు. అది ఆరాక మా ల్యాబ్‌కు వస్తుంది. బిడ్డను చూస్తే కనిపించని కొన్ని జబ్బులు అందులో ముందే తెలిసిపోతాయి. కానీ సూది మాట వినగానే తల్లులు బిడ్డను చెంగు కింద దాచేస్తున్నారు. వాళ్లు చదివి ధైర్యం తెచ్చుకునేలా మూడు మడతల బ్రోచర్ ఒకటి నేను రాయాలి.

రాశాను. కవర్లో ఉన్న కాగితం అదే. మా ఇంటి ఓనరు బుచ్చిబాబు గారికి చూపిస్తే కళ్లద్దాలు తుడుచుకొని మరీ చదివారు. "బాగానే ఉందమ్మా. కానీ 'పిల్ల', 'బిడ్డ' ఏమిటి? 'నవజాత శిశువు' అనరాదూ? కాస్త గంభీరంగా ఉంటుంది" అన్నారు. ఆ గంభీరం చూసే కదా తల్లులు పారిపోతున్నది! క్యాంపస్‌లో చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లలో ఒకతనికి ఇచ్చాను. మొత్తం చదివి, "ఇది గ్రూప్స్‌ల వస్తదా అక్కా?" అని అడిగాడు.

నువ్వు ఏడో తరగతి దాకా చదివావు. ఇద్దరు పిల్లల్ని కన్నావు. ఎవరి దగ్గరా మొహమాటపడవు. నాకు కావలసింది నువ్వే. నీ బిడ్డ మనీషక్కకు ఏడో నెల కాబట్టి ఆమెకూ పనికొస్తుంది.

త్వరగా రాయి. నాకు ఓపిక తక్కువని నీకు తెలుసు.

నీ కరుణ


పరకాల,
2 జూలై

బిడ్డ కరుణకు,

నీ కాయితం వచ్చి ఇరవై దినాలయింది. పత్తి గింజలు పెట్టుడు అయిపోయింది. ఒక వాన పడ్డది, ఒకటి మొకం చాటేసింది. అయితే నేను రాయకపోవుడు పని వల్ల కాదు. అబద్ధమెందుకు.

రెండో మడతల రాసినవు, "తల్లిదండ్రుల నిర్లక్ష్యం వలన బిడ్డ మందబుద్ధి అగును" అని. అది చదివి కాయితం తీసి బియ్యం డబ్బ మీద పెట్టిన. మల్ల ముట్టలే.

పరుశురాం పుట్టినప్పుడు ఏడ్వకపోతుండె. పాలు తాగుతుండె, పండుతుండె. "సమ్మక్క కడుపుల బంగారం పుట్టింది, తల్లిని సతాయించడు" అని వాడకట్టంత మెచ్చుకున్నది. నేను సుత మురిసిన. నాలుగేండ్లొచ్చినా మాట రాకపాయె, నడక రాకపాయె. హన్మకొండల డాక్టర్ సాబ్ రక్తం చూసి థైరాయిడ్ అన్నడు. "ముందే తీసుకొస్తే పిల్లగాడు అందరి లెక్క ఉండెటోడమ్మా" అన్నడు. ముందంటె ఎప్పుడు సార్ అన్న. పుట్టిన రెండు వారాలల్ల అన్నడు.

అప్పుడు మాకు ఎవలు చెప్పిన్రు బిడ్డా? గా సూది అప్పుడు ఏడున్నది? నిర్లక్ష్యం నాదేనా?

నువ్వు నన్ను అనలేదని నాకు తెల్వదా. గని చదివెటోళ్లల్ల నా అసొంటోళ్లు ఉంటరు గద. గా మాట కొట్టేసిన. పెన్సిల్ తోని కొడితే కంటికి ఆనలేదు, పెన్ను తోని కొట్టిన.

పరుశురాం నిన్ను అడుగుతుండు. "కరుణక్క రైలు దిగిందా" అంటడు. వాని లెక్కల నువ్వు ఎప్పుడు రైల్లనే ఉంటవ్.

మీ పెద్దమ్మ
సమ్మక్క


తార్నాక,
7 జూలై

పెద్దమ్మా,

నీ ఉత్తరం బస్టాపులో నిలబడి చదివాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

ఆ వాక్యం నాది కాదు, ఒక పాత కరపత్రంలోంచి ఎత్తి రాశాను. అది సాకు కాదు. ఎత్తి రాస్తున్నప్పుడు నాకు పరుశురాం గుర్తు రాలేదు చూడు, అదీ నా సిగ్గు. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకొని చింతకాయలు కోయించినదాన్ని. వాడు రోజూ పొద్దున మింగే గోలీ పేరు నా పుస్తకంలో పరీక్షకు చదివినదాన్ని. ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు.

నిన్ను అడగకుండా నీ ఉత్తరం కమలాదేవి మేడంకు చదివి వినిపించాను. కోప్పడకు. ఆవిడ ఉత్తరం తీసుకొని తనే మళ్లీ చదివారు. తర్వాత, "ఏమ్మా కరుణా, ఆర్నెల్ల నుంచి కమిటీలు వేసి కూర్చున్నాం, ఈవిడ ఒక్క గీతతో తేల్చేశారు. ఈవిణ్ణి ముందే అడగొచ్చు కదా?" అన్నారు. "మీరు నన్ను ముందే అడగలేదు మేడం" అన్నాను. నవ్వారు.

అంతా మళ్లీ రాశాను. "నిర్లక్ష్యం" పోయింది. "మందబుద్ధి" పోయింది. నువ్వు మురిసిపోయిన సంగతి పెట్టాను, పేరు లేకుండా: "ఈ జబ్బున్న బిడ్డ పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే ఉంటుంది. హాయిగా నిద్రపోతుంది. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, తల్లి వల్ల కూడా కాదు. అందుకే ఈ సూది." మేడం దాని కింద టిక్కు పెట్టారు.

రక్తంలో తేడా కనిపిస్తే ల్యాబ్ వాళ్లు ఫోన్ చేస్తారు కదా, దాని మీద చివరి మడతలో ఒక వాక్యం ఉంది, చూడు: "మీకు ఫోన్ రాకపోతే అంతా బాగున్నట్టే." తల్లులకు భయం పోవాలని రెండు రోజులు ఆలోచిస్తే, తార్నాక సిగ్నల్ దగ్గర ఆటోలో తట్టింది. నాకు చాలా నచ్చింది.

నన్ను కొట్టేయకుండా నా వాక్యాన్ని కొట్టేసినందుకు, పెద్దమ్మా, నీ కాళ్లకు దండం.

కరుణ


పరకాల,
19 జూలై

బిడ్డ కరుణకు,

గిప్పుడు మంచిగున్నది. చదువుతుంటే నన్ను మంచంల కూసోబెట్టి, మంచినీళ్లిచ్చి, నిమ్మలంగ చెప్పినట్టున్నది. పక్కింటామెకు చదివి వినిపించిన. ఆమె కోడలికి నెలలు నిండినయి. "మన దవాఖానల సుత చేస్తరా" అని అడిగింది. నీ కాయితం పని చేసింది అనుకో.

మీ మేడంకు చదివి వినిపిస్తివా? పోనీ. ముందుగాల చెప్తే జెర అక్షరాలు మంచిగ రాస్తుంటి.

ఒక్క కాడ పెన్సిల్ పెట్టిన. ఫోను రాకపోతే అంత బాగున్నట్టే అన్నవు. ఫోను ఎవలకు వస్తది? పిల్ల తల్లిగారింట్ల ఉంటది. అల్లుడు ఆయన పని మీద ఉంటడు. ఎత్తెటోడెవడు? ఫోను రాకపోతే బాగున్నట్టేనా? జెర సోంచాయించు.

ఇంకొక ముచ్చట. మనీషకు బీపీ ఉన్నదట. కాన్పు సికిందరాబాదు దిక్కే కావాలె, అంత దూరం బండిల తిప్పొద్దు అన్నరట. అందుకే నేనే నెలాఖరుకు మెట్టుగూడ వాళ్ల రైల్వే క్వార్టర్‌కు వస్తున్న. కాన్పయినంక తల్లీబిడ్డను ఈడికే తోల్కస్త, తొలి కాన్పు ముచ్చట మా ఇంట్ల కావాలె గద. అల్లుడు ప్రణీత్ గూడ్సు బండి నడుపుతడు గద, ఇంజనెక్కిండంటె ఫోను బందు. రూలట. రెండు దినాలు మనిషి జాడ దొరకదు.

వచ్చినప్పుడు నీకు చెకోడీలు తెస్త. పరుశురాంను చిన్నమ్మ దగ్గర, అంటె మీ అమ్మ దగ్గర, ఉంచుత. వాని గోలి సంగతి ఫికర్ లేదు, వాడే యాదికుంచుకుంటడు.

మీ పెద్దమ్మ


తార్నాక,
10 ఆగస్టు, ఆదివారం

పెద్దమ్మా,

నువ్వూ మనీషక్కా పాపతో క్షేమంగా పరకాల చేరారని అమ్మ చెప్పింది. చెకోడీల డబ్బా సగం అయిపోయింది. బుచ్చిబాబు గారు "ఒక్కటి, రుచికి" అంటూ నాలుగుసార్లు వచ్చారు.

మంగళవారం నేను వార్డులోకి వచ్చేసరికి నువ్వు సిస్టర్‌తో ఏదో వాదిస్తున్నావు. నన్ను చూడగానే నోరు మూసుకున్నావు. నేను ఆ ప్రాజెక్టు మనిషినని అక్కడ అందరికీ తెలుసు, అందుకే నేనూ అడగలేదు. నీ నోరు నాకు తెలీదా! అయినా సూది గుచ్చుతుంటే మనీషక్క మొహం తిప్పుకుంది, నువ్వే పాప కాలు పట్టుకున్నావు. నా కాగితం చదివి బిడ్డ కాలు పట్టిన మొదటి మనిషి మన ఇంటి మనిషే కావడం, ఆ మొదటి కాలు మన ఇంటి పాపదే కావడం. నేను వరండాలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను, ఎందుకో తెలీదు.

ఎంత బుద్ధిమంతురాలు పెద్దమ్మా పాప! నేనున్న రెండు గంటలూ ఒక్కసారి ఏడవలేదు. పక్క మంచం పిల్ల గోల గోల చేస్తుంటే మనది హాయిగా నిద్ర.

ఫోన్ గురించి నువ్వు రాసింది అర్థమైంది. ప్రణీత్ బావ మీద నీకు కోపం ఉంది, మధ్యలో అది నా మీదకూ వచ్చింది. బావ ఏం చేస్తాడు, ఇంజన్‌లో ఫోన్ ఆపాల్సిందే. నేను మాత్రం ఇకనుంచి ప్రతి ఆదివారం చేస్తాను, ఒట్టు. ఇక దెప్పకు.

బ్రోచర్ పద్దెనిమిదో తేదీన విద్యానగర్‌లో ప్రెస్సుకు వెళ్తుంది. రెండు వేల కాపీలు. వాటిలో నీ గీత ఉంది.

కరుణ


తార్నాక,
20 ఆగస్టు

పెద్దమ్మా,

నువ్విక్కడున్నప్పుడు గడబిడగా చెప్పిన సంగతులే మళ్లీ రాస్తున్నా. అప్పుడు ఒకటి చెప్పలేదు. అది కాగితం మీదే చెప్పాలి.

గురువారం నాడు మేడం నాకు ఒక కట్ట ఇచ్చారు. రబ్బరు బ్యాండు వేసి, పైన "ఫోన్ దొరకనివి" అని రాసి ఉంది. మళ్లీ పరీక్ష చేయాల్సిన పిల్లల కార్డులు అవి, పదకొండు. "వీళ్లు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో చూడమ్మా, బ్రోచర్‌లో ఏమైనా రాయాలేమో" అన్నారు. పేర్లన్నీ ఒకటే తీరు, బేబీ ఆఫ్ ఫలానా, బేబీ ఆఫ్ ఫలానా. తిరగేసుకుంటూ పోతున్నా. నాలుగో కార్డు దగ్గర నా వేలికి ఏదో తగిలింది. పక్క ఖాళీలో ఎవరో పెన్నుతో కాగితం చిరిగేలా ఒత్తి రాశారు. పేరు చదవకముందే నేను ఆ చేతిని గుర్తుపట్టాను. పదమూడేళ్లుగా నాకు వస్తున్న చెయ్యి అది.

"తల్లిగారిల్లు, పరకాల. బిడ్డ ఈడనే ఉంటది. సమ్మక్క." కింద నీ నంబరు.

కార్డులో ఫోన్‌కు ఒక్కటే గడి. అందులో బావ నంబరు. కంప్యూటర్‌లోనూ ఒక్కటే గడి కాబట్టి, నువ్వు పక్కన రాసింది అందులోకి ఎక్కలేదు. ల్యాబ్ అమ్మాయి బావకు మూడుసార్లు చేసింది. రెండుసార్లు స్విచాఫ్. మూడోసారి మోగింది, కట్ అయింది. నేను తర్వాత అడిగితే బావ తల పట్టుకున్నాడు. "డ్యూటీ దిగి పండుకున్న కరుణా. కొత్త నంబరు, క్రెడిట్ కార్డోళ్లు అనుకొని బ్లాక్ చేసిన."

నువ్వు జూలైలోనే అడిగావు. ఫోన్ ఎవరికి వస్తుంది, ఎత్తేవాడెవడు అని. నేను దాన్ని అలక అనుకున్నాను. దెప్పకు అని జవాబు రాశాను.

ఆ రోజు కార్డు చూసిన వెంటనే నీ నంబరుకు ఫోన్ చేశాను. "పాప ఏం చేస్తున్నది పెద్దమ్మా" అన్నాను. "పండుకున్నది బిడ్డా. మస్తు మంచిది, లేపితే గని పాలు తాగదు" అన్నావు. అని, ఆగిపోయావు. నేనింకా ఏమీ చెప్పలేదు. నువ్వే, "కరుణా, వస్తున్నం" అన్నావు.

ఆగస్టు పదిహేను సెలవైనా మేడం వచ్చి ల్యాబ్ తాళం తీశారు. క్యాంపస్‌లో జెండా పాటలు వినిపిస్తుంటే పాప చేతి నరంలోంచి రక్తం తీశారు. అప్పుడు ఏడ్చింది చూడు, బొంగురు గొంతుతో, నాకు అంత బాగా వినిపించిన ఏడుపు ఇంకోటి లేదు. మర్నాడు పరుశురాంకున్న థైరాయిడే అని తేలింది, మొదటి గోలీ పడింది. పుట్టిన పదమూడో రోజు. "టైముకు తెచ్చారు" అంది పిల్లల డాక్టరమ్మ. ఆ ముక్క నీకు ఇరవై రెండేళ్ల క్రితం ఎవరూ అనలేదు. డాక్టరమ్మ అంటున్నప్పుడు నువ్వు గోడవైపు తిరిగావు. నేను చూశాను.

సోమవారం ప్రెస్సుకు పరుగెత్తాను. నా వాక్యం అప్పటికే అచ్చు ప్లేటు ఎక్కింది. ప్రెస్సు బాలరాజన్న, "ఒక్క లైన్ కోసం ప్లేటు మారుస్తరా మేడం? ఎవరు చదువుతరు గా చివరి మడత?" అన్నాడు. "మా పెద్దమ్మ చదివింది" అన్నాను. మిషన్ ఆపాడు.

నువ్వు చదివిపెడతావని నీకు పంపాను. నువ్వు చూశావు. నేను రాసినదాంట్లో లేనిది చూశావు. దీనికి థాంక్స్ అనే మాట చాలదు, ఇంకో మాట నాకు రావడం లేదు.

కరుణ


పరకాల,
3 సెప్టెంబర్

బిడ్డ కరుణకు,

తొట్టెల మంచిగ జరిగింది. అల్లుడు సెలవు పెట్టి వచ్చిండు. ఫోను గంటకోసారి తీసి చూసుకుంటుండు, ఎవ్వలు చేయకున్నా ఎత్తుతుండు. పిల్లకు కౌముది అని పేరు పెట్టిన్రు. నాకు నోరు తిరగక చిన్నపోరి అంటున్న.

నువ్వు ఊకె నీ తప్పు నీ తప్పు అనుకుంటున్నవు. ఇగ బంజేయి. దవాఖానల గా సిస్టరమ్మ "గడి ఒక్కటే ఉన్నదమ్మా, పిల్ల తండ్రి నంబరే రాయాలె" అన్నది. తండ్రి రైల్ల ఉంటడు, పిల్ల నా ఒళ్లె ఉంటది, నంబరు ఎవలది రాయాలె అని నేను. అప్పుడే నువ్వొస్తివి. నీ కొలువు కాడ నీ ఇజ్జత్ ఎందుకు తీయాలె అని నోరు మూసుకున్న. నువ్వు వరండలకు పోయినంక పెన్ను అడుక్కొని పక్కకు రాసిన. రక్తం చుక్కలున్న కాడ ముట్టలే.

నాకు థాంక్సు చెప్పకు. నీ కాయితం రాకపోతే సూది అనంగనే నేను సుత పిల్లను చెంగు కింద దాస్తుంటి. ఏడ్వని పిల్ల అని మల్ల మురుస్తుంటి. నీ కాయితం నా చేత కాలు పట్టిచ్చింది. లెక్క సాఫ్.

ఇగ పరుశురాం సంగతి విను. పొద్దుగాల ఆరు గంటలకు వాని గోలి వాడు మింగుతడు, పద్దెనిమిదేండ్ల అలవాటు. ఇప్పుడు అది మింగి చిన్నపోరి తొట్టెల కాడికి వస్తడు. మనీషను లేపుతడు. "గోలి నూరు" అంటడు. ఆమె గోలి నూరి, చెంచల తల్లిపాలు పిండి కలిపి తాపేదాక ఆడనే నిలబడతడు. పిల్ల మింగినంక దాని మొకం చూసి, "నాది సుత గదే" అంటడు. ఒక్కనాడు తప్పలే. మనం మరిసినా వాడు మరువడు. ఇన్నేండ్లు వాన్ని చూసి నేను ఏడ్చుడే, గీ పని వానికి తప్ప ఇంకెవలకు రాదని ఇప్పుడు తెలిసింది.

అందుకే చెప్తున్న. వాని సంగతి కాయితంల రాయి. పేరు దాచకు. నేనే రాయుమన్న.

మీ పెద్దమ్మ
సమ్మక్క


తార్నాక,
28 సెప్టెంబర్, ఆదివారం

పెద్దమ్మా,

బ్రోచర్ అచ్చయింది. కవర్లో ఇరవై ఉన్నాయి. పక్కింటామెకు ఒకటి, మా అమ్మకు ఒకటి, పరుశురాంకు ఒకటి. వాడి పేరు మధ్య మడతలో ఉంది, ఎర్ర అక్షరాల్లో. వేలు పెట్టి చూపించు. బుచ్చిబాబు గారు చదివి, "శిశువు లేదు, అయినా కళ్లు చెమర్చాయమ్మా" అన్నారు. అది ఆయన ఇచ్చే పెద్ద బహుమతి.

చివరి మడతలో నా వాక్యం లేదు. నీది ఉంది: "కాన్పు తర్వాత బిడ్డ ఏ ఇంట్లో ఉంటుందో ఆ ఇంటి నంబరు రాయించండి. పది రోజుల్లో ఫోన్ రాకపోతే మీరే చేయండి." కింద మా ల్యాబ్ నంబరు. కార్డులు కూడా మారాయి. మేడం పట్టుబట్టి ఇంకో గడి వేయించారు. దాని పేరు "తల్లిగారింటి నంబరు". కంప్యూటర్‌లోనూ వచ్చింది.

నిన్న అదే వార్డుకు వెళ్లాను. రామంతాపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ పాప కాలు పట్టుకొని కూర్చుంది. అదే సిస్టర్, నువ్వు వాదించిన ఆవిడే, పెన్ను తీసి, "అమ్మా, ఇంటికి పోయినంక పిల్ల ఎవరింట్ల ఉంటది?" అని అడిగింది. ఆ అమ్మమ్మను అంతవరకు ఎవరూ ఏమీ అడిగినట్టు లేరు. ఉలిక్కిపడి, కొంగు సర్దుకొని, "మా ఇంట్లనే" అని, నంబరు ఒక్కొక్క అంకే చెప్పింది. సిస్టర్ రాసుకొని మళ్లీ చదివి వినిపించింది. ఆ అమ్మమ్మకు పెన్ను అడుక్కోవాల్సిన పని పడలేదు.

రెండో ముద్రణకు మేడం ఇప్పుడే తొందర పెడుతున్నారు. మొదటి కాపీ నీకే. ఈసారి పెన్సిల్ వద్దు పెద్దమ్మా, పెన్నే పట్టుకో.

నీ కరుణ